చాటింపు ఎవరిది?

జాతర ఏ రోజో, శిస్తుకు గడువు ఎప్పటిదాకో, కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో ఊరంతటికీ తెలియాలంటే ఒకప్పుడు డప్పు మోగాలి. కరణం చెప్పిన ముక్కను మాదిగ గూడెం మనిషి వీధివీధికీ మోసుకెళ్లి, నాలుగు దెబ్బలు వేసి, ‘ఇందుమూలంగా యావన్మందికీ’ అంటూ గొంతెత్తేవాడు. పత్రికా, రేడియో రాకముందు గుంటూరు, ఒంగోలు పల్లెలకు అదే వార్తా సాధనం. తోలు ఆరబెట్టి డప్పు కట్టేది అతడే, సెగకు కాచి మోత తెప్పించేది అతడే, అరిచే గొంతూ అతడిదే. చెప్పే సంగతి మాత్రం ఇంకొకరిది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆ లెక్క తిరగబడింది. మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి అక్కడ పుట్టింది. ఉద్యమానికి జనం వాడుకలో స్థిరపడిన పేరు దండోరా. డప్పు చంకన వేసుకుని, తమ వాటా గురించి తామే చాటుకుంటూ ఊళ్లూ పట్టణాలూ తిరిగారు. నాయకుడు మంద కృష్ణ తన పేరు చివర ‘మాదిగ’ చేర్చుకున్నారు. ఇల్లు అద్దెకు కావాలన్నా, హోటల్లో టీ తాగాలన్నా దాచుకోవాల్సిన మాట అది. దాన్ని వేలాది మంది రెడ్డి, చౌదరి, శర్మ లాగే పేరు పక్కన రాసుకోవడం మొదలుపెట్టారు.

వెట్టి డప్పుకూ దండోరా డప్పుకూ మధ్య నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. ఈ పత్తి, మిరప నేలల్లో వెలివాడల మనుషులు డప్పును ఒకసారి కింద పెట్టారు. తర్వాత పద్యం, పాట, పత్రిక, క్యాసెట్, కెమెరా ఒక్కొక్కటే చేతికి తీసుకున్నారు. చివరికి ఆ డప్పునే తమదిగా మళ్లీ ఎత్తుకున్నారు.

ఊరి కథను మోసిన గొంతు కూడా చాలాచోట్ల గూడెందే. పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడు రాశాడని బడి పుస్తకాలు చెబుతాయి. దాన్ని పల్లెల్లో బతికించింది వీర విద్యావంతులనే మాల గాయకులు. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వాటిలో కథ పాడే హక్కు వాళ్లదే. ఆ కథలో మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనాని. కులాలన్నీ ఒక్క వరసలో కూర్చుని తిన్న చాపకూడు అందులోదే. 1970లలో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను టేపుల మీదకు ఎక్కించాడు. దాని ఆంగ్లానువాదం, అధ్యయనం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చాయి. గూడెం గాయకుడి నోటి చరిత్ర యంత్రం మీదకెక్కి ఖండాలు దాటడం ఈ ప్రాంతంలో అలా జరిగింది. టేపు తిప్పిన చెయ్యి మాత్రం బయటివాడిది.

మాదిగల కులచరిత్రకూ ఇలాంటి నోటి ఆధారం ఉంది. ఆది జాంబవుడి నుంచి వంశాన్ని చెప్పే జాంబపురాణాన్ని డక్కలివారు బొమ్మల పటం పరిచి వినిపించేవారు. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడంటుంది ఆ పురాణం. ఊరు తక్కువవాళ్లని అన్నవాళ్లు, తాము అందరికంటే ముందువాళ్లమని చెప్పుకునే కథ అది. అయితే ఆ కథ గూడెంలోనే మోగి గూడెంలోనే ఆగేది. ఊరి నడుమ చాటే డప్పుకు ఆ కథ చెప్పే అనుమతి లేదు.

డప్పును కింద పెట్టిన ఘట్టం ఒంగోలులో మొదలైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. ఆ ఏడాదే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన బాప్తిస్మం తీసుకుని, బంధువులున్న ఊళ్లన్నీ కాలినడకన తిరిగి కొత్త మాట చెప్పాడు. క్లౌ పేరు పుస్తకాలకెక్కింది గాని, జనం దగ్గరికి వెళ్లిన గొంతు పేరయ్యది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని గూడేలకు కూలి చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొత్తగా చేరినవాళ్లు ఆదివారం పని మానారు, చచ్చిన పశువు మాంసం మానారు, జాతరలకు డప్పు కొట్టడం మానారు. ఊరి పెత్తందార్లకు ఎక్కువ మండింది ఈ చివరి దానికే. డప్పు మోగకపోతే అమ్మవారి కొలుపు ఎలా జరుగుతుంది? బావుల దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోకి పిలవలేదు, దొంగ కేసులు పెట్టారు. ఇంకొకరి మాట మోయనని ఈ మైదానంలో గూడెం మొదటిసారి గట్టిగా చెప్పింది అప్పుడే.

డప్పు వదిలిన చేతికి పలక వచ్చింది. ఒంగోలులో బాప్టిస్టుల బడులు, 1842లో హేయర్ అడుగుపెట్టినప్పటి నుంచి గుంటూరులో లూథరన్ల బడులు రెండు తరాల్లో చదవగలిగే, రాయగలిగే జనాన్ని తయారుచేశాయి. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. పంచములనే పేరు తమకు వద్దని, తాము ఈ నేలకు మొదటివాళ్లమని, ఆది ఆంధ్రులమని సభ ప్రకటించింది. ఇంకొకరు పెట్టిన పేరును నలుగురిలో తిరస్కరించడం అక్కడ మొదలైంది. గుంటూరులో శారదా నికేతనం నడిపిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. సానుభూతితో బయటివాడు రాసిన గొప్ప నవల అది. గూడెం తన సంగతి తానే రాసుకున్న కావ్యం కోసం మరో రెండు దశాబ్దాలు ఆగాలి.

దాన్ని రాసినవాడు వినుకొండలో 1895 సెప్టెంబరు 28న పుట్టిన గుర్రం జాషువా. ఆయన్ను పద్యకవిగానే తలుస్తాం కాని, ఆయన చేసిన ఉద్యోగాల వరస చూస్తే ఆ కాలపు ప్రసార సాధనాలన్నీ కనిపిస్తాయి. 1915–16లో రాజమండ్రిలో ఆయన సినిమా వాచకుడు. మూకీ బొమ్మ తెర మీద ఆడుతుంటే పక్కన నిలబడి కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు చదివి వినిపించడం ఆ పని. తర్వాత గుంటూరు లూథరన్ బడిలో ఉపాధ్యాయుడు, తెలుగు పండితుడు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. చీకటి హాల్లో బొమ్మకు గొంతు అరువిచ్చిన కుర్రాడు నలభై ఏళ్ల తర్వాత ఎవరి గొంతు గాలిలోకి వెళ్లాలో తేల్చే కుర్చీలో కూర్చున్నాడు.

1941లో వచ్చిన ‘గబ్బిలం’ కూడా ఒక కబురు పంపే కథే. గుడి మెట్లెక్కనివ్వని మనిషి తన గోడు కాశీలోని శివుడికి చేరాలని గబ్బిలాన్ని వేడుకుంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. ఈ అరుంధతీ సుతుడికి దొరికింది గుళ్లోకి అడ్డు లేకుండా పోగలిగే గబ్బిలం. పత్రిక చేతికి రాని, సభలో మాట దక్కని మనిషి ఏ దారిన తన మాట పైకి పంపాలన్నది ఆ కావ్యం వేసుకున్న ప్రశ్న.

జాషువా మాట జనంలోకి ఎక్కువగా పోయింది మాత్రం రంగస్థలం మీదుగా. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకం కాటి సీనులో నటులు జాషువా శ్మశాన పద్యాలు కలిపి పాడటం మొదలుపెట్టారు. బలిజేపల్లిదీ బాపట్ల ప్రాంతమే. తెనాలి, గుంటూరు, ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లలో తెల్లవార్లూ హార్మోనియం మోగేది. కాటి సీను వచ్చేదాకా జనం కదిలేవారు కాదు, వచ్చాక ‘వన్స్ మోర్’ అనేవారు. రాజు కాటికాపరిగా నిలబడి చావు ముందు అందరూ సమానమని ఆలపిస్తుంటే, ఆ పద్యం రాసిన మనిషిని అరుగు మీద కూర్చోనివ్వని పెద్దలు కూడా కళ్లు తుడుచుకున్నారు. పద్యం గ్రామఫోను రికార్డు మీదుగా ఇళ్లలోకీ వెళ్లింది. పద్యానికి దక్కిన చోటు కవికి దక్కడానికి చాలా కాలం పట్టింది. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. మరుసటి ఏడాది జూలై 24న ఆయన గుంటూరులో కన్నుమూశారు.

ఆ తిరునాళ్లలోనే ఇంకో గొంతు మోగేది. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్‌ది పత్తి ఏకే దూదేకుల కుటుంబం. బుర్రకథను ఆధునిక రాజకీయ ప్రచార కళగా మార్చి, బెంగాల్ కరువు నుంచి అల్లూరి దాకా చెప్పిన ఆయన, చివరి రోజుల్లో నోటితో చెప్పి రాయించుకున్న ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టారు. ఊళ్లో తిట్టుగా వాడే మాటను అట్ట మీద పెద్దక్షరాల్లో అచ్చు వేయించారు.

ఈ నేలకూ అట్లాంటిక్ అవతలి నల్లజాతి బతుకుకూ పాత చుట్టరికం ఒకటుంది. అది పత్తి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై, బానిసలు తీసిన దక్షిణాది పత్తి లాంకషైర్ మిల్లులకు అందకుండా పోతే, ఇంగ్లండు భారతదేశపు పత్తి మీద పడింది. పల్నాడు, వినుకొండ, నరసరావుపేట నల్లరేగళ్లలో పండే రకానికి వ్యాపారుల వాడుకలో కొకనాడ పత్తి అని పేరు. కాకినాడ రేవు పేరే పంటకు అంటుకుంది. అయితే ఆ చేలల్లో కూలివాళ్లకు అవతలి చేలల్లోని మనుషుల కథ తెలిసే దారి నూరేళ్లకు పైగా లేదు.

ఆ దారి వేసింది ఒక అనువాదం. ఆలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని చవక ధరకు పల్లెలకు చేర్చింది. అమ్మమ్మ అరుగు మీద చెప్పిన కథలను పట్టుకుని హేలీ ఆఫ్రికా వెళ్లి, జుఫురే గ్రామంలో వంశచరిత్రలు పాడే గ్రియో నోట తన ముత్తాతల పేరు విన్నానని రాశాడు. ఆ వంశవృక్షంలో కొన్ని కొమ్మలు నిలవవని చరిత్రకారులు తర్వాత అభ్యంతరం చెప్పారు. తెలుగు పాఠకులను మాత్రం హేలీ పూర్వీకుడు కుంటా కింటే యజమానులు పెట్టిన పేరును ఒప్పుకోని చోట పుస్తకం పట్టుకుంది. వాడ పిల్లలను ‘ఒరేయ్’ అని తప్ప పేరుపెట్టి పిలవని ఊళ్లవి. డక్కలివారి పటం చూసిన తరం వాళ్లకు గ్రియో ఎవరో విడమరిచి చెప్పనక్కరలేదు.

పుస్తకం వచ్చిన కొద్ది సంవత్సరాలకే చీరాల దగ్గరి కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది. 1985 జూలై 16న మాలమాదిగలు తాగే చెరువులో గేదెల కుడితి బక్కెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు తగాదా రేగింది. కొట్టవచ్చినవాళ్ల మీదకు మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు పెత్తందారీ కులం మూకుమ్మడిగా మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేసింది. నాగార్జునసాగర్ నీళ్లు, వ్యాపార పంటలు తెచ్చిన డబ్బుతో పెరిగిన పొగరూ, బడి చదువుతో గూడెంలో పెరిగిన ఆత్మగౌరవమూ చెరువుగట్టున ఎదురుపడ్డాయి. బతికినవాళ్లు చీరాల పారిపోయి శిబిరం వేసుకున్నారు. అక్కడికి వచ్చినవాళ్లలో పొన్నూరు సంస్కృత అధ్యాపకుడు కత్తి పద్మారావు, న్యాయవాది బొజ్జా తారకం ఉన్నారు. సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభ ఏర్పడింది.

శిబిరం కేవలం తలదాచుకునే చోటుగా ఉండిపోలేదు. ఊరి పెద్దలు, పోలీసులు చెప్పిన కథనానికి ఎదురుగా బాధితులు తమ కథనాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పారు. కరపత్రాలు వెళ్లాయి, పాటలు పుట్టాయి. గద్దర్ ‘దళిత పులులమ్మ’ క్యాసెట్ల మీద ఊళ్లు తిరిగింది. టేప్‌రికార్డరు ఉన్న ఇల్లు వాడకొకటి ఉన్నా చాలు, సాయంత్రం అరుగు నిండేది. పత్రికల వాళ్లు రావాలని, వచ్చినా సరిగ్గా రాయాలని ఎదురుచూసే పని క్యాసెట్‌కు లేదు. 1980ల చివర్లో తారకం సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి పక్షపత్రిక వెలువడింది. దాని పేరు ‘నలుపు’. బొంబాయి యువకులు 1972లో అమెరికా బ్లాక్ పాంథర్లను చూసి దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు. అంతకుముందు 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నీగ్రోల తరఫున ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగారు. ఆ వరసలోనే ఈ పత్రిక కూడా నలుపును సిగ్గుపడే రంగుగా కాక జెండాగా ఎత్తింది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపి కాలువల్లో పడేశారు. శవాలను ఊరి నడుమ పాతిన చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కోర్టు ఆ ఊళ్లోనే కూర్చోవాలని కొట్లాడి సాధించారు. 2007లో అది 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు కాగితం చెరిపేసిన నేరం కవిత్వంలో నిలిచింది. నరసరావుపేట కవి మద్దూరి నగేష్‌బాబు ‘వెలివాడ’ రాశారు, ‘మీరేవుట్లు’ అని కులం అడిగే ఊరి నోటిని పుస్తకం పేరుగా పెట్టారు. కంచికచర్లలో పుట్టి ఒంగోలులో 2013లో చనిపోయిన కలేకూరి ప్రసాద్ రాసిన పాటలు, రాసిందెవరో తెలియని గొంతుల్లో కూడా సభల్లో మోగాయి.

పెద్ద పత్రికల గదుల్లో మాత్రం కుర్చీలు కదల్లేదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల్లో ఒక్క దళితుడి కోసం వెతికి, దొరకలేదని రాశాడు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం పరిశీలించిన 121 మీడియా నాయకత్వ పదవుల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. న్యూయార్కులో 1827 మార్చి 16న నల్లవాళ్లు సొంతంగా ‘ఫ్రీడమ్స్ జర్నల్’ పెట్టుకున్నదీ ఇందుకే: తమ తరఫున ఇతరులు మాట్లాడింది చాలునని.

సొంత రేడియోకు దారి తెలంగాణ చూపింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు లైసెన్సు లేని రోజుల్లోనే కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించేవారు. 2006లో ప్రభుత్వ విధానం మారాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ‘జనరల్’ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ మైకు ముందూ యంత్రాల వెనకా కూర్చున్నారు. అదే సొసైటీ మహిళలు కెమెరా పట్టి, వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల నష్టాల మీద సినిమా తీశారు. 2010ల తొలి ఏళ్లలో రవిచంద్రన్ బత్రన్ హైదరాబాదులో మొదలుపెట్టిన దళిత్ కెమెరా యూట్యూబులో సభలనూ ఇంటర్వ్యూలనూ కోత లేకుండా పెట్టింది.

2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చదువుతున్న గుంటూరు కుర్రాడు వేముల రోహిత్ ఆత్మహత్యకు ముందు రాసిన ఉత్తరం ఫోను నుంచి ఫోనుకు పోగా, ఒక్క రాత్రిలో దేశమంతా దాన్ని చదివింది. అతడూ, అతడితో పాటు సస్పెండైన విద్యార్థులూ అక్కడ పోస్టర్లతో కట్టుకున్న గుడారం పేరు వెలివాడ. పదేళ్లు పోకముందే దండోరా లెక్క కూడా ఒక కొలిక్కి వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీల పదిహేను శాతాన్ని 1, 6.5, 7.5 వాటాలుగా విడదీస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

ఇప్పుడు చేతిలో పాడ్‌కాస్ట్ ఉంది. ‘హర్షణీయం’, ‘దాసుభాషితం’ లాంటి వేదికలు తెలుగు కథనూ పుస్తకాన్నీ చెవికి చేర్చాయి. న్యూయార్క్ టైమ్స్ 2019లో నికోల్ హన్నా-జోన్స్‌తో చేసిన ‘1619’ పాడ్‌కాస్ట్, బానిసల తొలి ఓడ వర్జీనియా చేరిన నాలుగు వందల ఏళ్లకు ఆ చరిత్రను ఇళ్లలోకి తెచ్చింది. రెండో భాగం తిరిగేది పత్తి చుట్టూనే. అలాంటి పనికి కావలసిన సరుకు గుంటూరు, ప్రకాశం, బాపట్ల, పల్నాడు గూడేల్లో ఉంది. అయితే అది మనుషుల తలల్లో ఉంది.

దీనికి గడువు ఉంటుందని అమెరికా అనుభవం చెబుతుంది. 1936–38 మధ్య ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు మాజీ బానిసల నోట 2,300కు పైగా కథనాలు రాయించింది. చాలామంది అప్పటికి ఎనభై దాటినవాళ్లు, బానిసత్వాన్ని చిన్నపిల్లలుగా చూసినవాళ్లే. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు కావడంతో చాలామంది ముసలివాళ్లు మనసులోది దాచుకుని మర్యాదకు మాట్లాడారని తర్వాతి చరిత్రకారులు గమనించారు. చీరాల శిబిరంలో ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు అరవై. చుండూరు పొలాల్లో పరుగెత్తి బతికినవాళ్లూ ఆ దగ్గరలోనే ఉన్నారు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ఫోను రికార్డరు నొక్కాల్సింది ఆ వాడల్లోనే పుట్టి కాలేజీకి వెళ్లిన మనవళ్లు, మనవరాళ్లు. ఎవరిని ఏమడగాలో, ఎక్కడ ఆగాలో వాళ్లకే తెలుసు. ఆ పనికి లైసెన్సు అక్కరలేదు, స్టూడియో అక్కరలేదు. ఇంకో పదేళ్లు ఆగితే మాత్రం అడగడానికి ఆ పెద్దవాళ్లలో చాలామంది ఉండరు.